రాజమండ్రి చిత్రకళాశాలలో చదివినవాళ్ల వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

మా అమ్మమ్మ వాళ్ల ఇంట్లో ఒక నీటిరంగుల చిత్రం ఉంది. గోదావరి రేవు, బిందెలతో ఇద్దరు ఆడవాళ్లు. కుడివైపు కింద తెలుగులో 'సూ. రా.' అని పొడి అక్షరాలు, పక్కన 1934. వెనక అట్ట మీద పెన్సిల్‌తో 'చిత్రకళాశాల, రాజమహేంద్రవరం' అని ఉంది.

చిత్రకారుడు దామెర్ల రామారావు రాజమండ్రిలో పెట్టిన బడి అదేనని నా అనుమానం. ఆయన 1925లోనే పోయారు కాబట్టి ఇది ఆయన గీసింది కాదు. తర్వాత బడి నడిపింది వరదా వెంకటరత్నం. అక్షరాలు ఆయనవీ కావు. అంటే ఎవరో విద్యార్థి అయ్యుండాలి. గీతలో ఆ బడి వాసన మాత్రం బాగానే ఉంది!

దామెర్ల గురించి దొరికిన వ్యాసాలన్నీ చూశాను. అందరూ ఆయన దగ్గరే ఆగిపోతారు, ఆ తర్వాత నేర్చుకున్నవాళ్ల ఊసే ఉండదు. ఆర్కైవ్.ఆర్గ్‌లో 'భారతి' పాత సంచికలూ తిరగేశాను, కానీ 1933-35 మధ్యవి కొన్ని నాకు దొరకలేదు. అట్ట విప్పితే కాగితం చిరుగుతుందేమోనని టెన్షన్, అందుకే ఫ్రేము ముట్టుకోలేదు.

1930ల్లో అక్కడ నేర్చుకున్న విద్యార్థుల పేర్లున్న రిజిస్టరు గానీ, ప్రదర్శన కేటలాగు గానీ ఎక్కడ చూడొచ్చో ఎవరికైనా తెలుసా?