చలికాలంలో బయోగ్యాస్ తగ్గింది: ట్యాంకుని వేడి చేయాలా, మేత తగ్గించాలా?

హాస్టల్ వంటశాల: మాది ఆదిలాబాద్ వైపు. 1,500 లీటర్ల బయోగ్యాస్ ట్యాంకులో మేతగా రోజూ 25 కిలోల వంటింటి వ్యర్థం, అంతే నీళ్లు వేస్తాం. చలి మొదలయ్యాక గ్యాస్ సగానికి పడిపోయింది, మంట నిలవడం లేదు. హీటర్ పెట్టి 55 డిగ్రీలకి తెమ్మని కొందరు, మేత తగ్గించమని కొందరు అంటున్నారు. ఏది చేయమంటారు?

వేడి పక్షం: 55 డిగ్రీలే సరైనది అన్నా. ఆ వేడిలో వ్యర్థం త్వరగా కుళ్లుతుంది, రోగాల క్రిములూ చస్తాయి. హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్‌లో కూరగాయల చెత్తతో కరెంటే తీస్తున్నారు. మనం చలికి భయపడి కూర్చుంటే ఎలా?

పేడనీళ్లు: బోయిన్‌పల్లిలో రోజుకి 10 టన్నుల చెత్త, వెనక ఐఐసీటీ (హైదరాబాద్‌లోని ప్రభుత్వ రసాయన పరిశోధన సంస్థ) పరిజ్ఞానం ఉన్నాయి. 25 కిలోల ట్యాంకుకి ఆ పోలిక కుదరదు. చిన్న ట్యాంకు గోడల నుంచి వేడి ఇట్టే పోతుంది. పైగా 55 దగ్గర బతికే సూక్ష్మజీవులు వేడిలో ఎగుడుదిగుళ్లు తట్టుకోలేవు. రాత్రి కరెంటు పోతే తెల్లారేసరికి గ్యాస్ పడిపోతుంది.

35 డిగ్రీలు చాలు. లెక్క చూడండి: రోజువారీ 50 లీటర్లని 20 నుంచి 35కి తేవడానికి 750 కిలోక్యాలరీలు కావాలి. క్యూబిక్ మీటరు బయోగ్యాస్‌లో దాదాపు 5,000 ఉంటాయి. అంటే వేడినీళ్లతో మేత కలపడానికి పెద్ద ఖర్చేం లేదు. ట్యాంకు చుట్టూ గడ్డి, పైన టార్పాలిన్ కప్పండి.

అయితే మంట నిలవకపోవడానికి కారణం చలి ఒక్కటే కాదని నా గట్టి నమ్మకం. అన్నం, పప్పు త్వరగా ఆమ్లాలుగా మారతాయి. వాటిని మండే వాయువైన మీథేన్‌గా మార్చే సూక్ష్మజీవులు నెమ్మది, చలికి ఇంకా మందగిస్తాయి. మేత మాత్రం వేసవిలో వేసినంతే వేస్తుంటే ఆమ్లం పేరుకుని గ్యాస్‌లో మీథేన్ వాటా తగ్గుతుంది. ముందు పులుపు ఎంతుందో చూపే పీహెచ్ కాగితం ముంచండి; అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. 6.5 కంటే తక్కువైతే కొన్నాళ్లు మేత ఆపి, తాజా పేడనీళ్లు పోయండి. తర్వాత సగం మేతతో మొదలుపెట్టండి.

వేడి పక్షం: మేత ఆపితే హాస్టల్‌లో మిగిలిన అన్నం ఎక్కడ పోయాలి? మళ్లీ డ్రైనేజీలోకేగా! అందుకోసమేగా ఈ ప్లాంటు కట్టింది.

పేడనీళ్లు: ఆ బాధ నిజమే. కొన్నాళ్లు పశువులున్న ఇంటికి పంపించండి, లేదా కంపోస్టు గుంతలో వేయండి. పులిసిన ట్యాంకులోనే ఇంకా కుక్కితే చలికాలమంతా మంట రాదు. హీటర్ పెట్టినా ఆ పులుపు పోదు.

హాస్టల్ వంటశాల: పీహెచ్ 6 చూపిస్తోంది. ఈ రోజు నుంచే మేత ఆపుతున్నాం. హీటర్ సంగతి తర్వాత చూస్తాం.