ముళ్ల తీగకు గుర్రం కాలు చీరుకుంది, మూడెకరాల కంచె మొత్తం పీకేయాలా?

మామిడితోట:
అందరికీ నమస్తే. శంకర్‌పల్లి దగ్గర మాకు మూడెకరాల మామిడితోట ఉంది. నాలుగు నెలల కింద రెండు గుర్రాలు తెచ్చుకున్నాం, ఒకటి మార్వాడీ ఆడగుర్రం, ఇంకోటి కాస్త వయసైన మగది, విత్తులు కొట్టించినది. తోట చుట్టూ ఎప్పటి నుంచో రాతి కడీలు, నాలుగు వరుసల ముళ్ల తీగ ఉన్నాయి, బర్రెలు మేకలు లోపలికి రాకుండా నాన్న వేయించింది. మొన్న ఆదివారం రాత్రి పక్కన ఫంక్షన్ హాల్లో బరాత్‌కి పటాకులు కాల్చారు. పొద్దున పోయి చూస్తే ఆడగుర్రం ముందు కాలు మోకాలి కింద జానెడు చీరుకొని ఉంది, తీగకు వెంట్రుకలతో సహా చర్మం ముక్క వేలాడుతోంది. డాక్టర్ వచ్చి కట్టు కట్టారు, ఎముకకూ నరానికీ ఏం కాలేదన్నారు.

నాన్నేమో "ముప్పై ఏళ్లు ఇదే కంచెలో ఎడ్లున్నయ్, ఒక్కదానికీ గీత పడలేదు, ఇదేం సుకుమారం" అంటున్నారు. కంచె మొత్తం మార్చాలంటే మా వల్ల కాదు. చైన్‌లింక్ జాలీ వేస్తే సరిపోతుందా? గుర్రాలు పెంచిన వాళ్లు చెప్పండి, రోజూ రాత్రి నిద్ర పట్టట్లేదు.

లాయం_రాజు:
తమ్ముడూ, మీ నాన్న చెప్పింది ఎడ్ల విషయంలో నిజమే. ఎద్దు చర్మం మందం, పైగా తీగ తగిలితే ఆగి వెనక్కి తగ్గుతుంది. గుర్రం అలా కాదు, ముందు పరుగు, ఆలోచన తర్వాత. కాలు తీగలో పడిందంటే లాగుతుంది, రాకపోతే ఇంకా గట్టిగా లాగుతుంది, ఊడి వచ్చేదాకా లాగుతుంది. చీకట్లో ఆ సన్న తీగ దానికి కనపడదు కూడా.

మూడెకరాలు పీకొద్దు. బయటి ముళ్ల కంచె పశువులకూ మనుషులకూ అలాగే ఉండనీ, లోపల ఒక అరెకరం మాత్రం గుర్రాలకు విడిగా కట్టు. చతురస్రంగా తీసుకుంటే చుట్టుకొలత 600 అడుగుల లోపే వస్తుంది, మూడెకరాలకైతే 1,450 దాకా. ముళ్ల తీగకు పదడుగులైనా దూరంగా ఉండాలి, లేకపోతే గడ్డి కోసం మెడ చాపి మళ్లీ అక్కడికే పోతాయి. జామాయిల్ కర్రలు మూడు వరుసలు అడ్డంగా, పై కర్ర నాలుగున్నర అడుగుల ఎత్తులో. కర్రను నిలువు గుంజకి లోపలి వైపు బిగించు, గుర్రం ఒరిగినప్పుడు మేకులు ఊడి రావు. చాలా మంది అందంగా ఉంటుందని బయట బిగిస్తారు, ఆ తర్వాత వారానికోసారి సుత్తి పట్టుకొని తిరుగుతారు.

చైన్‌లింక్ నాకు నచ్చదు. నాడా మడమ కొస ఆ కన్నంలో దూరిందంటే మళ్లీ అదే కథ. వేయక తప్పదంటే పైన ఒక కర్ర అడ్డం పెట్టు, జాలీ పై మొనలు కిందికి వంచు.

ఇంకో మాట, రాత్రి హాల్టర్ (తలకు కట్టే పట్టీ) పెట్టి వదులుతున్నావా? వదిలితే మానెయ్. తొట్టి కొక్కేనికో విరిగిన కొమ్మకో తగులుకుంటే అది కూడా కంచెలాగే పట్టేస్తుంది, నైలాన్‌ది అస్సలు తెగదు.

డల్లాస్_సుబ్బు:
మాది గుంటూరు, ఇప్పుడు టెక్సాస్‌లో మూడు గుర్రాలున్నాయి. ఇక్కడ గుర్రాల కోసమే అమ్మే అల్లిక జాలీ ఉంటుంది, కన్నం రెండు అంగుళాలు బై నాలుగు, గిట్ట దూరదు. వెల్డింగ్ జాలీ చవకగా దొరుకుతుంది కానీ టాకాలు ఊడితే ప్రతి టాకా దగ్గర ఒక సూది లేస్తుంది, దాని జోలికి పోవద్దు.

డబ్బు తక్కువైతే అంగుళన్నర వెడల్పు, కరెంటు పారే తెల్ల టేపుతో సోలార్ ఫెన్సింగ్ చూడండి. సన్న తీగ వద్దు, టేపే, ఎందుకంటే వెడల్పుగా ఉంటే దూరం నుంచే కనపడుతుంది. మెషిన్ ఆగి ఆగి చిన్న షాక్ ఇస్తుంది, గుర్రం ఒకసారి ముక్కు పెట్టి చూసి ఇంక దగ్గరికి రాదు. ఊళ్లో కొందరు అడవిపందుల కోసం మెయిన్ లైన్ నుంచి నేరుగా కరెంటు ఇస్తుంటారు, దయచేసి ఆ పని చేయకండి, గుర్రమే కాదు మీ నాన్నగారు కూడా పోతారు.

పశువైద్యురాలు:
గాయం గురించి. మోకాలి కింద గుర్రానికి కండ ఉండదు, చర్మం, నరాలు, ఎముక, అంతే. అందుకే అక్కడ మానడం ఆలస్యం, పైగా ఎర్రగా కండ పొంగుకొస్తుంది, గోబీ పువ్వులాగా. అలా పొంగితే మీరు సున్నం, నీలితుత్తం రాయకుండా డాక్టర్‌కి చూపించి కత్తిరించాలి. ధనుర్వాతం ఇంజెక్షన్ పడిందో లేదో ఈరోజే అడగండి, మన పశువులన్నిట్లో ఆ జబ్బుకు గుర్రమే తొందరగా పడుతుంది.

కంచె ఒక్కటే చూసి ఆగకండి. సంక్రాంతి తర్వాత ఆ చోటంతా తిరిగి మాంజా ఏరండి. నైలాన్ మాంజాని 2017లో గ్రీన్ ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది, అయినా చెట్ల మీద వేలాడుతూనే ఉంటుంది. దాణా గది తలుపుకి గుర్రం మూతితో తీయలేని గడియ పెట్టండి. రాత్రంతా బస్తా ఉలవలు తింటే కడుపునొప్పి వస్తుంది, గుర్రం వాంతి చేసుకోలేదు, బతికినా గిట్టలు పాడవుతాయి. కంచె వెంట ఆముదం, గన్నేరు ఉన్నాయేమో చూడండి, రెండూ గుర్రానికి విషమే.

మామిడితోట:
అందరికీ థాంక్స్. పొద్దున రాజన్న చెప్పినట్టు హాల్టర్లు తీసేసి, గుర్రం ఎత్తులో వంగి వంగి చుట్టూ తిరిగాను. గేటుకీ గుంజకీ మధ్య సరిగ్గా గిట్ట పట్టేంత సందు ఉంది. నీళ్ల తొట్టి పక్కన బయటికి వచ్చిన ఇనుప చువ్వ, గడ్డి మోపులు కట్టిన ప్లాస్టిక్ తాడు ముక్కలు ఒక సంచెడు. నాలుగు నెలలుగా రోజూ అక్కడే తిరుగుతున్నా ఒక్కటీ కనపడలేదు. ఇంజెక్షన్ నిన్ననే పడింది మేడం.

గన్నేరు మాత్రం పెద్ద చిక్కు. గేటు పక్కన రెండు చెట్లున్నాయి, అమ్మ శివుడి పూజకి రోజూ ఆ పూలే కోస్తుంది, కొట్టనివ్వట్లేదు. ఆకులు చేదు కదా, గుర్రాలు తింటాయా?

పశువైద్యురాలు:
పచ్చి ఆకు చాలావరకు తినవు, రాలి ఎండి గడ్డిలో కలిసిపోయిన ఆకు తింటాయి, విషం ఎండినా పోదు. గుప్పెడు చాలు గుండె ఆగిపోవడానికి. అమ్మగారికి ఇంటి ముందు, గుర్రాలు వెళ్లని చోట రెండు కొమ్మలు నాటివ్వండి, తొందరగానే పూస్తాయి. గేటు దగ్గరివి వేళ్లతో తీయండి, కొట్టిన కొమ్మలు గుర్రాల వైపు పడేయకండి, చలిమంటకూ వాడకండి.

లాయం_రాజు:
గేటు సందు మూసుకుపోయేలా గుంజ వైపు ఒక చెక్క కొట్టెయ్ తమ్ముడూ, ఈ సాయంత్రమే.