బస్తీ ట్యూషన్‌లో 35 మంది పిల్లలు: బిస్కెట్లు, టీ మానేసి ఏం పెట్టాలి, ఇరుకు గల్లీలో ఏం ఆడించాలి?

బస్తీ_ట్యూషన్ అడిగిన ప్రశ్న

నమస్కారం అండీ. హైదరాబాద్‌లో ఒక బస్తీ కమ్యూనిటీ హాల్లో సాయంత్రం 5 నుంచి 7 దాకా ఉచిత ట్యూషన్ నడుస్తోంది, వారానికి ఆరు రోజులు. పిల్లలు 35 మంది, ఒకటో తరగతి నుంచి ఎనిమిది దాకా, దాదాపు అందరూ సర్కారు బడి వాళ్ళే. తల్లిదండ్రులవి కూలి, ఇళ్ళలో పని, ఆటో. పిల్లలు మధ్యాహ్నం బడిలో తిన్నాక మళ్ళీ కడుపునిండా తినేది రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదికే. ఈ మధ్యలో ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్, మేమిచ్చే నాలుగు గ్లూకోజ్ బిస్కెట్లు, అర గ్లాసు టీ. ఆరున్నర అయ్యేసరికి చిన్న తరగతుల వాళ్ళు పుస్తకం మీదే తల వాల్చేస్తున్నారు.

మా దగ్గర ఉన్నవి: రోజుకు పిల్లకి 10 రూపాయలు, ఒక సింగిల్ స్టవ్, 5 లీటర్ల కుక్కర్, బయట ఒక నల్లా, 20 అడుగులకు 30 అడుగుల హాలు, ఎదురుగా 15 అడుగుల సిమెంటు గల్లీ, ఇద్దరు వాలంటీర్లు. రోజూ అరగంట ఆడించాలని కూడా ఉంది. ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి, చదువుకు ముందు ఆడించాలా తర్వాతా? లెక్కలతో సహా చెప్పగలరా?

పోపులపెట్టె

ముందు టీ ఆపేయండి. మిగతావన్నీ మెల్లగా మార్చుకోవచ్చు. టీలోని టానిన్లు గింజల్లో, ఆకుకూరల్లో ఉండే ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. రక్తం తక్కువగా ఉండే పిల్లలకు గుడాలు (ఆంధ్ర వైపు గుగ్గిళ్ళు) పెట్టి పక్కన టీ ఇస్తే పెట్టినదాంట్లో మంచి భాగం వృథా. ఇక గ్లూకోజ్ బిస్కెట్లలో దాదాపు నాలుగో వంతు పంచదారే. నాలుగు బిస్కెట్లు తింటే ప్రోటీన్ ఒకటిన్నర గ్రాము కూడా రాదు.

మీరు పెట్టేది భోజనం కాదు, మధ్యాహ్నానికీ రాత్రికీ మధ్య వంతెన. మధ్యాహ్న భోజన పథకం లెక్క ప్రకారం ఐదో తరగతి దాకా పిల్లలకు 450 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీన్. ఆరు నుంచి ఎనిమిది వాళ్ళకు 700 కేలరీలు, 20 గ్రాములు. మీరు 150 నుంచి 200 కేలరీలు, 6 గ్రాముల ప్రోటీన్ చూసుకుంటే చాలు. అంతకు మించితే చిన్నవాళ్ళు ఇంట్లో రాత్రి అన్నం వదిలేస్తారు, అమ్మలు మీ మీద కోప్పడతారు.

మీ పొయ్యికి, మీ డబ్బుకి సరిపోయేది గుడాలే. వారంలో మూడు రోజులు: ఒకరోజు నల్ల శనగలు, ఒకరోజు బొబ్బర్లు, ఒకరోజు పెసర్లు. రెండు రోజులు ఉడికించిన గుడ్డు, అరటిపండు. ఆరో రోజు పల్లీ పట్టి, జామకాయ ముక్కలు.

శనగల లెక్క చెప్తాను, మిగతావి దీన్నే అనుసరిస్తాయి. పిల్లకి 30 గ్రాముల ఎండు గింజలు, అంటే 35 మందికి కిలో 50 గ్రాములు. రాత్రి పడుకునే ముందు కడిగి మూడింతల నీళ్ళలో నానబెట్టాలి. ఎండాకాలంలో రాత్రంతా వద్దు, పొద్దున ఆరింటికి వేస్తే మధ్యాహ్నానికి నానిపోతాయి. ఎక్కువసేపు ఉంటే నీటి మీద నురుగొచ్చి పులిసిన వాసన వస్తుంది. ఆ గింజలు ఉడికించినా వాసన పోదు, పారేయాల్సిందే. నానిన నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళతో ఉడికించండి. 5 లీటర్ల కుక్కర్‌ను పప్పుదినుసులకు సగానికి మించి నింపకూడదు. నింపితే పొట్టు ఎగిరి విజిల్ రంధ్రంలో ఇరుక్కుంటుంది. అందుకని రెండు వాయిలు. ఒక్కో వాయికి ఐదారు విజిళ్ళు, తర్వాత సన్న మంట మీద పది నిమిషాలు, ఆవిరి దానంతట అదే పోవాలి. మొత్తం గంటా పావు పడుతుంది కనుక మూడున్నరకు పొయ్యి వెలిగించాలి. గింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే మెత్తగా చితకాలి. నడుమ తెల్లగా గట్టి పలుకు తగిలితే చిన్నవాళ్ళకు కడుపునొప్పి వస్తుంది.

ఉప్పు మొత్తానికి నాలుగు టీస్పూన్లు చాలు. చేయి తిరిగినవాళ్ళు అలవాటుగా ఎక్కువ వేసేస్తారు, స్పూను లెక్కే పెట్టుకోండి. నూనె 50 మి.లీ., ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు. అరకిలో ఉల్లి సన్నగా తరిగి, నాలుగు నిమ్మకాయలు పిండాలి. నిమ్మరసం మాత్రం పొయ్యి మీద ఉండగా వద్దు. వేడికి విటమిన్ సి పోతుంది, గింజలోని ఇనుము ఒంటికి పట్టడానికి కావలసింది అదే.

ఖర్చు: శనగలు కిలో 100 రూపాయలు అనుకుంటే ఉల్లి, నిమ్మ, నూనె, గ్యాసుతో కలిపి పిల్లకి 5 రూపాయల లోపు. ఇందులో రెండు రోజులు ఒక పండు కూడా కలపొచ్చు. గుడ్డు 7, అరటిపండు 5 వేసుకుంటే ఆ రోజులు 12 అవుతాయి. పట్టి రోజున పండుతో సహా 7. వారం మొత్తం మీద 56 రూపాయలు, మీ 60లో సరిపోతుంది.

పట్టికి 700 గ్రాముల పల్లీలు, 400 గ్రాముల బెల్లం. పాకం చుక్కను చల్లటి నీళ్ళలో వేస్తే గట్టిపడి టక్కున విరగాలి. సాగితే పట్టి పళ్ళకు అతుక్కుంటుంది, వానాకాలంలో మరీను. పల్లీలను వేయించే ముందు పళ్ళెంలో పోసి చూడండి: ముడతలు పడినవి, నల్లబడినవి, బూజు తగిలినవి ఏరి పారేయండి. బూజు వల్ల పుట్టే విషం వేయించినా పోదు.

రాగిజావ గురించి చాలామంది చెప్తారు, మంచిదే. కానీ గ్లాసు నిండా కనిపించేది ఎక్కువగా నీళ్ళే. 20 గ్రాముల పిండితో చేసిన గ్లాసులో కేలరీలు 65, ప్రోటీన్ గ్రామున్నర. కాల్షియం కోసం ఇవ్వండి, ఆకలికి అది ఒక్కటే చాలదు. బడిలో పొద్దున జావ ఇస్తుంటే మీరు మళ్ళీ పెట్టనక్కర్లేదు.

ఆటస్థలం

తిండి సంగతి పైన వచ్చేసింది కాబట్టి ఆట మాత్రమే చెప్తాను.

చదువుకు ముందా తర్వాతా అన్నది సూర్యుణ్ణి బట్టి. డిసెంబరులో హైదరాబాద్‌లో ఐదూముప్పావుకే పొద్దు గుంకుతుంది. అప్పుడు రాగానే అరటిపండు, నీళ్ళు ఇచ్చి 5:10 నుంచి 5:40 దాకా ఆడించి, చేతులు కడిగించి, మిగతా తిండి పెట్టి చదువులో కూర్చోబెట్టండి. మార్చి నుంచి జూన్ దాకా తిరగేయండి: రాగానే తిండి, చదువు, 6:15కి ఆట. ఏప్రిల్‌లో ఐదింటికి సిమెంటు గల్లీ పాదాలు కాల్చేస్తుంది. కడుపునిండా తిన్న వెంటనే పరుగు వద్దు, కనీసం ఇరవై నిమిషాలు ఆగాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్ళ వాళ్ళకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసే కదలిక ఉండాలంటుంది. అందులో వారానికి మూడు రోజులైనా ఎముకకూ కండకూ బలమిచ్చేవి ఉండాలి. మీ అరగంటలో నిజంగా ఎంత కదులుతున్నారన్నదే అసలు ప్రశ్న. ఒకరోజు ముగ్గురు పిల్లల్ని మనసులో అనుకుని ఐదు నిమిషాలు వాళ్ళనే చూడండి. "ఆడుతున్నారు" అనుకున్న పిల్ల ఐదు నిమిషాల్లో నాలుగు నిమిషాలు వరుసలో నిలబడి ఉండటం కనిపిస్తుంది.

కారణం ఆట పద్ధతే. అసలైన ఖోఖోలో ఎనిమిది మంది కూర్చుంటే ఒకరు తరుముతారు. మీరు నలుగురిని కూర్చోబెట్టి రెండు చోట్ల ఒకేసారి ఆడించండి. తొక్కుడుబిళ్ళకు ఒకే పటం గీస్తే ఒకరు గెంతి ఆరుగురు చూస్తారు, నాలుగు పటాలు గీయండి. "అవుట్" అయినవాళ్ళు పక్కన కూర్చునే ఆటల్లో ముందుగా అవుటయ్యేది ఎప్పుడూ ఆ బలహీనమైన పిల్లలే. ఎవరి కోసం ఆడిస్తున్నామో వాళ్ళే కూర్చుండిపోతారు. అవుటైనవాళ్ళు పదిసార్లు తాడు గెంతి తిరిగి లోపలికి రావాలని నియమం పెట్టండి. నేలా బండ, కుంటాట, ఏడు పెంకులాట మీ గల్లీకి సరిపోతాయి. ఏడు పెంకులకు క్రికెట్ బంతి వద్దు, పాత గుడ్డలు చుట్టి కుట్టిన బంతి చాలు. కిటికీలు పగలవు, ముక్కు మీద తగిలినా ఏమీ కాదు.

తాడు కొలత: పిల్ల తాడు మధ్యలో తొక్కి నిలబడితే రెండు కొసలు చంకల దాకా రావాలి. పొడుగైతే కాళ్ళకు చుట్టుకుంటుంది. కొబ్బరి తాడు అరచేతుల్ని ఒరిపిస్తుంది, నూలు తాడు తెచ్చి కొసలకు ముడి వేయండి.

35 మందిని మూడు గుంపులు చేయండి: 8 ఏళ్ళ లోపు, 9-11, 12 పైన. ఇద్దరు వాలంటీర్లు చిన్న రెండు గుంపుల దగ్గర ఉంటే పెద్దవాళ్ళు ఎదురుగానే కనిపించేలా ఆడుకోవచ్చు. జట్లు మాత్రం చీటీలతో వేయండి. ఇద్దరు నాయకులు వంతులవారీగా ఎంచుకుంటే చివర మిగిలేది రోజూ అదే పిల్ల, నెల తిరక్కుండానే ట్యూషన్ మానేస్తుంది. హోంవర్క్ చేయలేదని గుంజీళ్ళు తీయించడం, గల్లీ చుట్టూ పరుగెత్తించడం ఎప్పుడూ వద్దు. కదలికను శిక్షగా చేస్తే పిల్లకు ఆటంటేనే విసుగు పుడుతుంది.

గల్లీ సిద్ధం చేయడం: రెండు చివర్లా కుర్చీలు పెట్టి మధ్యలో తాడు కట్టండి, బైకులు నెమ్మదిస్తాయి. ముందు ఊడ్చి గాజు పెంకులు చూడండి. హవాయి చెప్పులతో పరుగెత్తితే పట్టీ ఊడి బోర్లా పడతారు. బూట్లు లేకపోతే ఊడ్చిన నేల మీద వట్టి కాళ్ళే నయం. నల్లా వచ్చే పూట గల్లీ అంతా డ్రమ్ములు, తడి ఉంటాయి. ఆ రోజులు హాల్లోనే మూలకొక పని పెట్టండి: గోడకు చేతులానించి నెట్టడం, కూర్చుని లేవడం, ఒంటికాలి మీద నిలబడటం, ఉన్నచోటే గెంతడం. 40 సెకన్లు చేసి 20 సెకన్లలో మూల మారాలి. పక్కన చదివేవాళ్ళు లేకుండా అందరూ ఒకేసారి చేస్తే గోల సమస్య ఉండదు.

లెక్కలపుస్తకం

పై రెండు సమాధానాలూ బాగున్నాయి. వాటిలో రానివి కొన్ని.

ఆడపిల్లలు. పదకొండు, పన్నెండేళ్ళు దాటాక గల్లీలో ఆడటానికి ఇంట్లో ఒప్పుకోరు. చాలాచోట్ల తెలియకుండానే జరిగేదేమిటంటే, గుడాలు పంచడం, గిన్నెలు తోమడం వాళ్ళ వంతై, ఆ అరగంట ఆట మగపిల్లలదవుతుంది. పని చీటీ గోడకు అతికించి, ప్రతి రోజూ ఒక అబ్బాయి పేరూ ఒక అమ్మాయి పేరూ రాయండి. వాలంటీర్లలో ఒకరు ఆడమనిషి ఉండాలి, ఆవిడ తాడు పట్టుకుని వాళ్ళతో పాటు గెంతాలి. చున్నీకి పిన్నీసులు సిద్ధంగా ఉంచండి.

తమ్ముళ్ళు, చెల్లెళ్ళు. చంకన వేసుకుని తెస్తారు, వద్దంటే అక్క కూడా రాదు. నాలుగేళ్ళ లోపు వాళ్ళకు శనగ గింజ గానీ పల్లీ గానీ అలాగే ఇవ్వకండి, గొంతులో అడ్డుపడుతుంది. గుడాలు మెదిపి, పల్లీలు బెల్లంతో దంచి పెట్టండి. ఎవరికైనా పల్లీలు, గుడ్డు తింటే దద్దుర్లు, ఆయాసం వస్తాయా అని చేర్చుకునేటప్పుడే అమ్మను అడిగి రాసుకోండి.

గుడ్డు. కార్తీకంలో, ఇంట్లో అయ్యప్ప మాల వేసినప్పుడు కొందరు తినరు. వాళ్ళకు ఆ రోజు 30 గ్రాముల పట్టి ఇవ్వండి, అందరి ముందూ కారణం అడగొద్దు. బడిలో గుడ్డు పెట్టే రోజులు పిల్లల్నే అడిగి, మీ గుడ్డు మిగతా రోజులకు వేసుకోండి. పెంకుతోనే ఇచ్చి వాళ్ళ చేతే వలిపించండి. ముందే వలిచి పెడితే ఈగలు, మురికి చేతులు. ఉడికించాక రెండు గంటల్లో తినేయాలి, మిగిలితే ఇంటికి పంపొద్దు.

చేతులు. ఒక్క నల్లా దగ్గర 35 మంది ఒక్కొక్కరు 20 సెకన్లు కడిగితే పన్నెండు నిమిషాలు పోతాయి, అందుకే నాలుగో రోజుకు మానేస్తారు. కుళాయి ఉన్న బకెట్ ఒకటి ఎత్తు మీద పెడితే సగం అవుతుంది. సబ్బును నెట్ సంచిలో వేసి నల్లాకు కట్టేయండి. ఊడిపోదు, కింద పడి అరిగిపోదు.

మాత్రలు. బడిలో వారానికోసారి ఐరన్ మాత్ర ఇస్తారు, చిన్నవాళ్ళకు గులాబీ రంగుది, పదేళ్ళు దాటినవాళ్ళకు నీలం. మీరు వేరేగా కొని ఇవ్వకండి. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 నులిపురుగుల మందు రోజులు. ఆ రోజు బడికి వెళ్ళని పిల్ల ఎవరో మీకు తెలుస్తుంది కనుక ఆశా కార్యకర్తకు చెప్పండి.

మూడు నెలలకోసారి ఎత్తు, బరువు రాయండి. ఒక్కొక్కరిని పక్కకు పిలిచి, అంకె పైకి చదవకుండా. గోడకు మడమలు ఆనించి, తల మీద గట్టి అట్ట పెట్టి గీత గీస్తే చాలు. ఈ తిండితో మూడు నెలల్లో బరువు పెరుగుతుందని దాతలకు మాటివ్వకండి. రెండుసార్లు వరసగా బరువు తగ్గిన పిల్లనూ, ఆడుతుంటే అందరికంటే ముందు ఆయాసపడి కూర్చునే పిల్లనూ బస్తీ దవాఖానాకు తీసుకెళ్ళండి.

బస్తీ_ట్యూషన్

చాలా చాలా ధన్యవాదాలండీ, ముగ్గురికీ. సోమవారం నుంచే టీ బంద్. ఒక్క సందేహం. మూడున్నరకు హాలు తాళం తీసేవాళ్ళు లేరు, నాలుగున్నరకే వస్తాం. గుడాలు ఎలా?

పోపులపెట్టె

అయితే శనగల బదులు పెసర్లతో మొదలుపెట్టండి. పొద్దున నానబెట్టినవి రెండు విజిళ్ళకే ఉడికిపోతాయి, రెండు వాయిలూ అరగంటలో అవుతాయి. శనగల రోజున మాత్రం బస్తీలోనే ఒక అమ్మకు గ్యాసు డబ్బులు, కూలీ ఇచ్చి ఇంట్లో ఉడికించమనండి. పోపు, నిమ్మరసం హాల్లో మీరు వేయండి. ఆవిడ నాలుగింటికి ముందు దించకుండా చూసుకోండి. వేడిగా మూత బిగించి గంటలకొద్దీ ఉంచిన గుడాలు ఎండాకాలంలో జిగురు సాగుతాయి. గరిటెతో ఎత్తితే తీగలా వస్తుంటే ఆ రోజుకు అవి పారబోసి అరటిపండ్లు పంచేయండి. దానికోసం 200 రూపాయలు డబ్బాలో విడిగా ఉంచుకోండి.