సెన్సర్‌లో గోప్యత ఖర్చు: ఎన్‌క్రిప్షన్‌దా, రేడియోదా?

తరంగం:
ప్రశ్న సూటిగా పెడతాను. కాయిన్ సెల్ మీద ఏళ్ల తరబడి నడవాల్సిన సెన్సర్‌కి ఎన్‌క్రిప్షన్ (కీ లేనివాడు చదవలేకుండా డేటాని మార్చి పంపడం) అవసరమా? 1975లోనే సమాచార సిద్ధాంతవేత్త ఆరన్ వైనర్ తేల్చాడు: చాటుగా వినేవాడికి అందే సిగ్నల్ మనవాడికి, అంటే అసలు అందాల్సిన రిసీవర్‌కి, అందేదానికన్నా నాసిగా ఉంటే, కీ లేకుండానే రహస్యం పంపొచ్చు. యాంటెన్నాలు ఎక్కువుంటే మనవాడికి తగలని దిక్కుల్లో కృత్రిమ రొద కూడా వదలొచ్చు. కీల పంపిణీ తలనొప్పి ఉండదు. నా ఓటు దీనికే.

చిన్న బ్యాటరీ:
తరంగం గారూ, ఆ రొదకి కరెంటు ఎవరిస్తారు? అదీ ఆ సెల్ నుంచే రావాలి. పైగా సెన్సర్లలో చాలావాటికి ఉండేది ఒక్క యాంటెన్నా. పవర్ పెంచుదామంటే చాటుగా వినేవాడికీ సిగ్నల్ పెరుగుతుంది. రహస్యంగా పంపగల రేటు మనవాడి ఛానల్, చాటుగా వినేవాడి ఛానల్ సామర్థ్యాల మధ్య తేడాయే. ఒక దశ దాటాక అది ఆగిపోతుంది, ఖర్చయ్యే ఒక్కో జూల్ శక్తికి దక్కే రహస్య బిట్లు పడిపోతూ పోతాయి. అసలు వాడెక్కడున్నాడో, వాడి యాంటెన్నా ఎంతదో మనకి తెలిసేదెలా?

ఎన్‌క్రిప్షన్ ఖర్చంటారా, పాత సీసీ2420 రేడియో చిప్‌లోనే ఏఈఎస్-128 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిని నడిపే సర్క్యూట్ ఉంది. అదే చిప్ 0 డీబీఎమ్ (1 మిల్లీవాట్) పవర్ వద్ద పంపేటప్పుడు 17.4 మిల్లీఆంపియర్లు లాగుతుంది, వినేటప్పుడు 18.8. సెల్‌ని తినేది రేడియో.

తరంగం:
అది నా వాదనకే బలం. ఎన్‌క్రిప్షన్ గాల్లోకి వెళ్లే బైట్లనీ పెంచుతుంది కదా! కీ కుదుర్చుకోవడానికి సర్టిఫికెట్లతో చేసే హ్యాండ్‌షేక్ (తొలి పలకరింపు) అంటే కిలోబైట్లు, సెన్సర్లు వాడే 802.15.4 రేడియో ప్రమాణంలో ఒక ఫ్రేమ్ (ప్యాకెట్) మొత్తం 127 బైట్లే.

చిన్న బ్యాటరీ:
హ్యాండ్‌షేక్ మాట ఒప్పుకుంటా. అందుకే చిన్న పరికరాల్లో కీ ముందే ఎక్కించి పెడతారు. ఆ తర్వాత లోరావాన్ అనే దూరపు సెన్సర్ నెట్‌వర్క్‌లో అయితే ప్యాకెట్‌కి అదనంగా 4 బైట్ల ట్యాగ్. మధ్యలో ఎవరూ మార్చలేదని తేల్చేది అదే, మీ రొద ఆ పని చెయ్యదు.

నీలిమ:
మధ్యలో ఒక మాట. తలుపు సెన్సర్ తలుపు తీసినప్పుడే ప్యాకెట్ పంపుతుంది. లోపల ఏముందో చదవలేకపోయినా, ప్యాకెట్ వెళ్లిందని తెలిస్తే చాలు వినేవాడికి. దాన్ని దాచాలంటే ఏమీ జరగనప్పుడూ ఉత్తుత్తి ప్యాకెట్లు పంపుతూ ఉండాలి. గోప్యత బ్యాటరీని నిజంగా పీల్చేది అక్కడ. మీటర్ లాంటివైతే రీడింగులు పోగేసి ఒక వేళకి పంపొచ్చు. తలుపు అలారానికి ఆ ఆలస్యం కుదరదు.

తరంగం:
రొద సెన్సరే చెయ్యాలని ఎవరన్నారు? 2011లో ఎంఐటీ, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గుండె ఇంప్లాంట్ల కోసం ఒంటి మీద పెట్టుకునే ‘షీల్డ్’ ఆలోచనను నమూనాతో పరీక్షించి చూపించారు. ఇంప్లాంట్ మాట్లాడుతుంటే అది రొద చేస్తుంది. తన రొద తనకి తెలుసు కాబట్టి దాన్ని తీసేసి వింటుంది. ఇంప్లాంట్‌లో ఏమీ మార్చక్కర్లేదు, దాని బ్యాటరీకి భారమూ లేదు.

చిన్న బ్యాటరీ:
ఇంప్లాంట్‌కి సరే, కోసి బయటికి తియ్యలేం కదా. వందల సెన్సర్లున్న చోట అదే పెట్టి చూడండి. అదే బ్యాండ్‌లో ఉన్న పక్క పరికరాలు మీ రొదలో ప్యాకెట్లు పోగొట్టుకుని మళ్లీ మళ్లీ పంపుకుంటాయి. వాటి సెల్స్ ఖర్చు ఎవరి ఖాతాలో రాస్తారు?