పార్కుకి రానివాళ్ల అభిప్రాయం ఎలా తెలుసుకోవాలి?

మా నగరంలో పార్కులు, ఆటస్థలాలకు వచ్చే పదేళ్ల ప్రణాళిక వేస్తున్నారు. జనం ఏమంటున్నారో రాసిచ్చే పని మా ఐదుగురి మీద పడింది. ఎవరికీ అనుభవం లేదు.

పొద్దున్నే గేటు దగ్గర నిలబడితే వాకింగ్‌కి వచ్చే పెద్దవాళ్లే దొరికారు. అందరిదీ ఒకటే మాట, ఇంకో ట్రాక్ వేయమని. సాయంత్రం వెళ్తే జారుడుబల్ల చివర రేకు లేచిపోయి ఉంది. ఒకావిడ దాని మీద తువ్వాలు మడిచి పరిచి పిల్లాణ్ని జారనిస్తోంది. ఆవిణ్ని ఎవరడిగారు? ఇక పార్కుకే రానివాళ్ల సంగతి సరేసరి.

2021లో నగరాల్లో చెట్ల పెంపకంపై పనిచేసే నిపుణుడు సిసిల్ కోనైనెండైక్ ప్రతిపాదించిన 3-30-300 సూత్రం చదివాను. ఇంట్లోంచి 3 చెట్లు కనబడాలి, పేటలో 30 శాతం మేర చెట్ల కొమ్మలు, ఆకులు గొడుగులా కప్పి ఉండాలి, 300 మీటర్లలోపు పార్కు ఉండాలి. బాగానే ఉంది కానీ, మధ్యలో దాటలేని పెద్ద రోడ్డుంటే? మ్యాప్‌లో గీత గీసి కొలవాలా, నడిచే దారి కొలవాలా?

ఇలాంటి పని చేసినవాళ్లుంటే చెప్పండి. రానివాళ్లను ఎక్కడ పట్టుకున్నారు? కొత్త పార్కులకెంత, ఉన్నవాటి నిర్వహణకెంత అన్నది ఎలా తేల్చారు? నెలాఖరుకి ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.