పాపకు గవదబిళ్ళలు: వాళ్ళ నాన్నను వేరే ఇంటికి పంపాలా, వద్దా?

కూకట్‌పల్లి అమ్మ:
మా పాపకు ఏడేళ్ళు. ఆదివారం, అంటే 3వ తేదీ పొద్దున లేచేసరికి కుడి చెవి కింద వాపు, సాయంత్రానికి దవడ అంచే కనపడలేదు. చారన్నం నోట్లో పెట్టుకోగానే చెంప పట్టుకుని ఏడ్చేసింది. డాక్టరు చూసి గవదబిళ్ళలే అన్నారు. పాపను నేను చూసుకుంటాను, నా టెన్షన్ అంతా మా ఆయన గురించి. ఆయనకు ముప్పై ఆరేళ్ళు, చిన్నప్పుడు రాలేదని మా అత్తగారు గట్టిగా చెబుతున్నారు, టీకా వేయించారో లేదో ఎవరికీ గుర్తు లేదు. మగవాళ్ళకు పెద్దయ్యాక వస్తే పిల్లలు పుట్టరని భయపడి, ఐదు రోజులు దిల్‌సుఖ్‌నగర్‌లో మా బావగారింటికి పంపెయ్యమంటున్నారు. ఒకటే మెట్రో లైను, గంటలో వెళ్ళిపోతారు. కానీ అక్కడ ఐదు నెలల బాబు ఉన్నాడు, 20న అన్నప్రాశన. ఈయనేమో పాపను వదిలి కదలనంటున్నారు. మాది రెండు బెడ్‌రూములు, ఒకటే బాత్రూమ్. ఏం చేయమంటారు?

సైదాబాద్ అన్న:
పంపెయ్ చెల్లెమ్మా, ఆలోచించకు. నాలుగేళ్ళ కింద మా అన్న కొడుక్కి వచ్చినప్పుడు చిన్నపిల్లల జబ్బే కదా అని అందరం ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద ఉన్నాం. మూడో వారంలో నాకొచ్చింది. చెంపలు తగ్గుతున్నాయనుకున్న ఆరో రోజు రాత్రి చలిజ్వరం, ఒకవైపు వృషణం వాచి బాత్రూమ్ దాకా కూడా గోడ పట్టుకుని నడిచాను. సిగ్గుపడి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు, అది ఇంకా పెద్ద తప్పు. చిన్నపిల్లల్లో వారంలో పోయేది పెద్దవాళ్ళను పడగొడుతుంది. ఆయన ప్రేమ మంచిదే కానీ ఇక్కడ మొండితనం పనికిరాదు.

పిల్లల వార్డు నర్సు:
అన్నా, మీరు పడ్డది చిన్న బాధ కాదు, కానీ పంపే చోటు చూడండి. వాపు కనపడటానికి రెండు రోజుల ముందు నుంచే పాప అంటించగలదు, వాపు మొదలయ్యాక ఐదు రోజుల దాకా. అంటే 1వ తేదీ శుక్రవారం నుంచి 8 దాకా. అమ్మా, శుక్రవారం, శనివారం మీ ఆయన పాపతో ఎలా ఉన్నారో ఒకసారి గుర్తు చేసుకోండి.

కూకట్‌పల్లి అమ్మ:
శుక్రవారం రాత్రి ఇద్దరూ బండి దగ్గర ఒకే గ్లాసులో చెరుకురసం తాగారు. ఆయన సగం తాగి పాపకిచ్చారు, పాప రెండు గుక్కలు తాగి మళ్ళీ ఆయనకే ఇచ్చింది.

పిల్లల వార్డు నర్సు:
ఇది ఉమ్మి తుంపర్లతో అంటుకునే జబ్బు, ఆ గ్లాసు చాలు. అంటిన 12 నుంచి 25 రోజుల్లో ఎప్పుడైనా బయటపడుతుంది, ఎక్కువమందికి 16, 18 రోజుల దగ్గర. ఐదు రోజులు బావగారింట్లో ఉండి వచ్చినంత మాత్రాన తప్పించుకున్నట్టు కాదు. పైగా గవదబిళ్ళలకు వేసే ఎం.ఎం.ఆర్. టీకా తొమ్మిది నెలలు నిండాకే వేస్తారు కాబట్టి ఆ బాబుకు ఇంకా టీకా రక్షణ ఉండదు. ఆ ఇంటికి మాత్రం పంపకండి.

సైదాబాద్ అన్న:
అంటే అంటిపోయిందని తేల్చేసి వదిలేద్దామా? ఒక గ్లాసుతో కచ్చితంగా వచ్చి తీరాలని ఉందా? రాకపోయి ఉంటే ఈ మిగతా రోజులు ఆయన్ని కాపాడుకోవాలి కదమ్మా. బావగారిల్లు వద్దు, ఒప్పుకుంటా. ఖాళీగా ఉన్న ఫ్రెండు గదికి పంపండి.

పిల్లల వార్డు నర్సు:
ఆ మాటకు ఎదురు చెప్పను. ఎవరూ లేని గది దొరికితే మంచిదే. దొరక్కపోతే ఆయన హాల్లో పడుకోవాలి, కిటికీలు తెరిచి ఉంచాలి, గ్లాసు, కంచం, తువ్వాలు వేరు. పాప దగ్గరికి మీరే వెళ్ళండి. మీకు టీకా ఉందా?

కూకట్‌పల్లి అమ్మ:
నాకు ఆరో తరగతిలో వచ్చి తగ్గింది. పాపకు మాత్రం బస్తీ దవాఖానలో టీకాలన్నీ వేయించాం, కార్డు నిండా టిక్కులే. అయినా ఎందుకొచ్చిందో అర్థం కావట్లేదు.

పిల్లల వార్డు నర్సు:
కార్డు తీసి చూడండి, ఎం.ఆర్. అని ఉంటుంది. అది తట్టుకు, రుబెల్లాకు. గవదబిళ్ళలది ఇంకో 'ఎం', ఎం.ఎం.ఆర్.లో ఉంటుంది, అది ప్రభుత్వ టీకాల పట్టికలో లేదు, ప్రైవేటులో డబ్బులు పెట్టి వేయించుకోవాలి. పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ మూడు డోసులు చెబుతుంది: 9 నెలలకు, 15 నెలలకు, నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య. 2017లో మన దగ్గర బడుల్లో వేసిందీ ఎం.ఆర్. టీకానే. ఈ ఒక్క అక్షరం ఎవరూ చెప్పకపోవడం వల్ల ఎంతమంది తల్లులు మీలాగే కార్డు పట్టుకుని వస్తారో, నాకు చాలా బాధేస్తుంది. మీ తప్పేం లేదమ్మా.

అల్వాల్ బామ్మ:
మా కాలంలో మెడలో బంగారు గొలుసు వేసి, చెంపకు నీలిమందు రాసేవాళ్ళం తల్లీ. మీ అత్తగారిని కసురుకోకు, ఆమె భయం కొడుకు మీద. గొలుసు వదులుగా ఉంటే వేయనియ్యి. కానీ చింతపండు, నిమ్మకాయ మాత్రం పెట్టకు, పులుపు తగిలితే నోట్లో నీళ్ళూరి ఆ బిళ్ళ ఇంకా సలుపుతుంది. పెసరకట్టు, మెత్తటి అన్నం, రాగిజావ పెట్టు.

సైదాబాద్ అన్న:
బామ్మ మాట నిజం, నాకు సాంబారు వాసనకే నొప్పొచ్చేది. చెల్లెమ్మా, ఇంకోటి. పిల్లలు పుట్టరన్న భయంతో మీ ఆయన్ని పిండెయ్యకండి. డాక్టరు నాకు చెప్పిందేంటంటే వృషణం వాచినా పూర్తిగా పిల్లలు పుట్టకపోవడం చాలా అరుదు. మాకు పోయిన ఏడాదే పాప పుట్టింది. వాపు వస్తే సిగ్గుపడకుండా ఆ రోజే చెప్పమనండి, అంతే.

పిల్లల వార్డు నర్సు:
పాపకు జ్వరానికి పారాసిటమాల్ చాలు, ఆస్పిరిన్ వద్దు. తలనొప్పి బాగా పెరిగి మెడ బిగుసుకున్నా, ఆగకుండా వాంతులైనా, ఒక చెవి వినపడట్లేదన్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. మీ ఆయన ఇప్పుడు టీకా వేయించుకున్నా ఈసారి అంటిందాన్ని ఆపలేదు, ముందు ముందుకు పనికొస్తుంది. ఇంట్లోనే ఉంటే 8వ తేదీ నుంచి ఇంకో 25 రోజులు లెక్కేసుకోండి. అన్నప్రాశన అందులోనే పడుతుంది.

కూకట్‌పల్లి అమ్మ:
ఖాళీ గది దొరకలేదు. ఆయన హాల్లో చాప వేసుకున్నారు, గుమ్మం అవతల కూర్చుని పాపకు కథలు చెబుతున్నారు. అన్నప్రాశనకు రాలేమని చెబుదామని భయపడుతూ బావగారికి ఫోన్ చేస్తే, తమ్ముడు లేకుండా ఎలా చేస్తాం, వచ్చే నెల ఇంకో ముహూర్తం పెట్టిస్తానన్నారు. అత్తయ్య గొలుసు వేశారు, వదులుగానే ఉంది. ఇప్పుడే రాగిజావ అర గ్లాసు తాగింది, చెంప పట్టుకోకుండా.