కొత్త సెడాన్ ఫస్ట్ గేర్‌లో వణుకుతోంది, వారంటీలో క్లచ్ మార్పించుకోవడం ఎలా?

అందరికీ నమస్కారం. విశాఖలో ఉంటాం. కొత్తగా కొన్న కాంపాక్ట్ సెడాన్, 1.2 లీటర్ పెట్రోల్, 5 గేర్ల మాన్యువల్. ఇప్పటికి 2,300 కిలోమీటర్లు తిరిగింది.

రాత్రంతా ఆగిన బండిని ఉదయం తీస్తే, ఫస్ట్ గేర్‌లో క్లచ్ సగం వదిలేసరికి బండి మొత్తం గజగజ వణుకుతోంది. రివర్స్‌లో ఇంకా ఎక్కువ. పెడల్ పూర్తిగా వదిలాక ఏమీ ఉండదు, సెకండ్ నుంచి హాయిగా పోతుంది. పావుగంట ట్రాఫిక్‌లో తిరిగితే తగ్గుతుంది కానీ, ఫ్లైఓవర్ ఎక్కుతూ మధ్యలో ఆగి కదిలితే మళ్లీ మొదలు. వాన పడిన మర్నాడు మరీ ఘోరం. న్యూట్రల్‌లో ఆర్‌పీఎం 800 దగ్గర నిలకడగానే ఉంది. వార్నింగ్ లైటు గానీ, కాలిన వాసన గానీ లేవు.

ఏసీ ఆపి చూశాను. ఆర్‌పీఎం 1,500 దాకా పెంచి నెమ్మదిగా వదిలాను. పెట్రోల్ బంకు కూడా మార్చాను. తేడా లేదు. క్లచ్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు నాకు లేదు, పాత హ్యాచ్‌బ్యాక్‌తో ఏళ్ల తరబడి ఈ బాధే ఎరగను.

సర్వీస్ సెంటర్‌లో ఇంజిన్ మౌంట్లు (ఇంజిన్‌ని బండికి పట్టి ఉంచే దిమ్మలు) చూసి బాగున్నాయన్నారు, స్కానర్‌లో లోపం చూపే కోడ్ ఏదీ రాలేదు. "కొత్త బండి కదా సార్, నడిచేకొద్దీ సెట్ అవుతుంది" అని పంపేశారు. పైగా క్లచ్ ప్లేట్ అరిగే భాగం కాబట్టి వారంటీలోకి రాదట! ఇంత తక్కువ తిరిగిన బండికి ఆ మాట సబబు కాదు. ఆలస్యమైతే తప్పంతా నా డ్రైవింగ్ మీదకు తోస్తారని టెన్షన్‌గా ఉంది.

ఇలాంటి వణుకుకి వారంటీలో క్లచ్ మార్పించుకున్నవాళ్లు ఉంటే చెప్పండి: ఏ పరీక్ష చేయించి వాళ్లను ఒప్పించారు?